గోరు కింది ఎర్ర పోగు

మా ఆయన ముందు పళ్ళలో ఒకదానికి చిన్న గాడి ఉంది. అది పుట్టుకతో వచ్చింది కాదు. ఇరవై ఏళ్లకు పైగా మగ్గం నాడె కంటికి నోరు పెట్టి పోగును పీల్చి పీల్చి తెచ్చుకున్నది. సూరత్‌లో మా వాళ్ళు నడిపే పాత సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నూలు చుట్టిన కండె అయిపోగానే నాడెను బయటికి తీసి, కొత్త కండె బిగించి, పోగు కొసను నాడె పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి ఇవతలికి తేవాలి. దానికోసం ఒక తీగ కొక్కెం ఉంటుంది. ఎవరూ వాడరు. రంధ్రానికి నోరు పెట్టి ఒక్క పీల్పు పీలిస్తే పోగు నాలుక మీదికి వచ్చేస్తుంది. పంటితో పట్టి లాగి, నోట్లోకి వచ్చిన నలుసు ఉమ్మేసి, సాంచ మళ్ళీ నడిపిస్తారు. కొక్కెం పట్టేవాణ్ణి నిన్న మొన్న బస్సు దిగినవాడని ఆట పట్టిస్తారు. పగటి పాళీవాడు పీల్చిన నాడెనే సాయంత్రం పాళీవాడూ పీలుస్తాడు.

పెళ్ళయిన కొత్తలో కార్ఖానాకు సద్ది తీసుకెళ్ళి ఇది చూశాను. "థూ, ఊరందరి ఎంగిలి నోట్లె వెట్టుకుంటవా?" అన్నాను. "నోరు వెట్టనోడు నేతగాడెట్లయితడే?" అని నవ్వాడు. తర్వాత నేనే ఒక మంచి కొక్కెం కొని ఆయన చొక్కా జేబులో వేశాను. దాంతో చాలా ఏళ్లు చెవి గోక్కున్నాడు.

నేను కూడా ఆ పనిలో పుట్టినదాన్నే. కరీంనగర్ వైపు నుంచి మా తాత సూరత్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, పర్వత్ పాటియా దగ్గర మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివి, పెళ్ళయ్యాక ఇదే ఊళ్ళో డిండోలికి వచ్చాను. నా పని అచ్చులు అతకడం. పాత పడుగు అయిపోయాక దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటే ముడివేయాలి. సాంచ కింద కూర్చుంటే వేల ముళ్ళు పడితేగానీ లేవలేం. నా ముడి జారదని కార్ఖానాలో పేరు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా బిల్డింగులో పేరు. రెండూ నిజమే. ఒక్క మాట తప్ప అన్నీ అందరికీ చెప్పాను. ఆ ఒక్క మాటే ఇప్పుడు రాస్తున్నాను.

కరోనా మొదటి ఏడు, లాక్‌డౌన్ పెట్టిన రెండో వారంలో ఆయనకు పంటినొప్పి మొదలైంది. కింది వరుసలో వెనక పన్ను. అది ఎప్పటినుంచో పుచ్చిందే. లవంగం పెట్టుకునేవాడు, లేకపోతే పొగాకు దట్టించి మరిచిపోయేవాడు. ఈసారి దవడ ఉబ్బింది. అన్నం నమలలేక గంజి తాగాడు. బయట పోలీసులు. పంటి డాక్టర్ల బోర్డులున్న చోటల్లా షట్టర్లు దించి ఉన్నాయి. నోరు తెరిచి చూసే పని ఆ రోజుల్లో ఎవరు చేస్తారు? నాలుగు రోజులు దవడ పట్టుకుని కూర్చుని, ఐదో రోజు వేలితో కదిపి చూసుకున్నాడు. పన్ను ఊగుతోంది.

"పోగుతోని కట్టు. నేనే గుంజుకుంట" అన్నాడు.

"నాకు భయమైతది. నువ్వే కట్టుకో."

"నా ముడి జారుతది. నీది జారది."

ఇంట్లో అతుకు పనికి తెచ్చుకున్న పాలిస్టర్ నూలు ఉంది. నాలుగు పోగులు కలిపి పురి పెట్టాను. ఆయన గడపలో వెలుగుకు నోరు తెరిచి కూర్చుంటే, పన్ను మొదట్లో చుట్టి ముడి వేశాను. చేతులు కడుక్కోవాలని కూడా నాకు తోచలేదు. ముడి చిగురులోకి దిగింది. ఆయన కళ్ళు మూసుకుని ఒక్క గుంజు గుంజాడు. పన్ను వచ్చింది, రక్తం వచ్చింది, వెనకాలే చీము వాసన వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించి, ఆ పన్నును దారంతో సహా చేతిలో ఊపుకుంటూ వరండాలో అందరికీ చూపించాడు. "మా ఇంట్లనే డాక్టర్ ఉన్నది" అన్నాడు. నేను కూడా తెగ మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

దవడ వాపు తగ్గింది. నెల గడిచింది. ఊళ్ళకు రైళ్ళు వేస్తున్నారని, పేర్లు రాసుకుంటున్నారని మా బిల్డింగులో హడావుడి మొదలైంది. ఆ వారంలోనే ఆయనకు జ్వరం వచ్చింది. పొద్దంతా బాగానే ఉండి, సాయంత్రం అయ్యేసరికి వణుకు. తర్వాత ఒళ్ళంతా చెమట, బనియను పిండితే నీళ్ళు కారేంత. దగ్గు లేదు, జలుబు లేదు. అన్నం వాసన తెలుస్తూనే ఉంది కానీ తినబుద్ధి కాదంటాడు. రైలెక్కేవాళ్ళకు నుదుటికి మిషను పెట్టి జ్వరం చూస్తున్నారు. మా పేర్లు రాయించలేదు. మా అంతస్తులో ఆరు గదులుంటే నాలుగింటికి తాళాలు పడ్డాయి.

ఆ రోజుల్లో జ్వరం అన్న మాట పైకి అనగూడదు. పక్క గల్లీలో ఒకరికి వచ్చిందని మెట్లకు అడ్డంగా రేకులు కొట్టారు. అంబులెన్సులో తీసుకెళ్ళిన ఆ మనిషిని ఇంటివాళ్ళు మళ్ళీ చూడలేదు. కడసారి ముఖం కూడా చూడనివ్వలేదని ఆయన భార్య బజారులో కూర్చుని ఏడుస్తుంటే, దగ్గరికి వెళ్ళేవాళ్ళు లేరు. నేనూ వెళ్ళలేదు. కిటికీలోంచి చూశాను. ఆ రోజునుంచి మా ఆయన చెమట బట్టలు డాబా మీద ఆరేయడం మానేశాను. రోజూ అన్ని బనియన్లు ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని వంటగదిలో దండెం కట్టి ఆరేశాను. ఇల్లంతా ముక్కిన వాసన వేసేది.

మా గల్లీ చివర ఒక డాక్టరు ఉండేవాడు. నిజం డాక్టరో కాదో మాకు తెలియదు. సూది వేస్తాడు, మందు ఇస్తాడు, మనుషులు లేచి తిరుగుతారు, మాకు అంతే కావాలి. జ్వరం ఉన్నవాళ్ళను చూడకూడదని అతనికి తాఖీదు ఉంది. అందుకే సగం దించిన షట్టరు కింది నుంచి చేయి మాత్రం బయటపెట్టి మందు పొట్లం ఇచ్చాడు. ఎరుపూ నలుపూ గొట్టం మాత్ర ఒకటి, తెల్ల బిళ్ళలు రెండు, పూటకు ఇంత, మూడు రోజులు. "నా దగ్గర తీసుకున్నానని ఎవరికీ చెప్పనని మీ ఆయన మీద ఒట్టెయ్యి బెన్" అన్నాడు హిందీలో, అక్కా అనే చోట ఇక్కడి మాట పెట్టి. ఒట్టేశాను.

మూడు రోజుల్లో జ్వరం దిగిపోయింది. ఆయన ఆమ్లెట్టు వేయించుకుని తిన్నాడు. నాకు దేవుడు కనిపించినంత పనైంది. మందు ఆపిన ఐదో రోజు మళ్ళీ వణుకు. మళ్ళీ పొట్లం, మళ్ళీ తగ్గడం, మళ్ళీ రావడం. అలా మూడుసార్లు, నాలుగుసార్లు. ఆయన ప్యాంటు నడుముకు నిలవక తాడు కట్టుకున్నాడు. రెండో అంతస్తు ఎక్కడానికి మధ్యలో కూర్చోవలసి వచ్చేది. నేనేమో పొట్లం పనిచేస్తున్నదని అనుకుంటున్నాను. తగ్గుతున్నది కదా, మళ్ళీ వస్తే మళ్ళీ వేస్తే సరి అన్న లెక్క నాది. అంత తెలివిగలదాన్ని.

ఒకరోజు పొద్దున ఆయన గడపలో కూర్చుంటే గోళ్ళు తీస్తున్నాను. కుడిచేతి ఉంగరపు వేలి గోరు కింద సన్నటి ఎర్ర గీత కనిపించింది. నిలువుగా, అచ్చం పోగు ముక్కలా. కార్ఖానా మూసేనాటికి ఆయన సాంచ మీద ఎర్ర రంగు పడుగు ఉంది. అందులోని పోగే గోట్లోకి దిగబడిందని అనుకున్నాను. మాకు అది కొత్త కాదు. గోళ్ళలో, చెవుల్లో, ముక్కులో, అన్నంలో ఎక్కడ చూసినా పోగులే. సూది తెచ్చి గోరు కింద గుచ్చి తీయబోయాను.

"ఏందే గీ పొడుసుడు? సంపుతవా ఏంది?"

"పోగు ఇరికింది. జర ఓర్సుకో. తియ్యకుంటె చీము వడ్తది."

ఎంత గెలికినా రాలేదు. వేరే రక్తం వచ్చింది కానీ ఆ గీత అక్కడే ఉంది. మర్నాడు చూపుడు వేలికి ఒకటి, బొటనవేలికి రెండు. వాటినీ గుచ్చాను. సబ్బునీళ్ళలో నానబెట్టి గుచ్చాను. ఆయన వేళ్ళ కొసల్లో కందిగింజంత గడ్డలు లేచాయి, ముట్టుకుంటే గిలగిలలాడేవాడు. ముద్ద కలుపుకోలేకపోతే నేనే నోట్లో పెట్టాను. పెడుతూ పెడుతూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది. సాంచాలు ఆగి మూడు నెలలైంది. మరి కొత్త పోగులు ఎక్కడినుంచి వస్తున్నాయి? వచ్చిన ఆలోచనను వచ్చిన దారినే పంపేశాను. భయపడటానికి కూడా ఓపిక ఉండాలి.

ఆ ఆదివారం స్నానానికి లేచి నిలబడిన మనిషి గోడకు ఆనుకుని జారిపోయాడు. ఊపిరి అందడం లేదు. మా బిడ్డను పక్కగదిలో మిగిలిపోయిన వదిన వరసామె చేతుల్లో పెట్టి, ఆయన్ను ఆటోలో కూర్చోబెట్టుకుని పెద్ద దవాఖానాకు వెళ్ళాను. గేటు దగ్గర రెండు వరసలు. ఒకటి జ్వరాలవాళ్ళది. అది వెనకనున్న వేరే బిల్డింగులోకి పోతున్నది, లోపలికి ఇంటివాళ్ళను రానివ్వడం లేదు. రెండోది మిగతా రోగాలవాళ్ళది. ఒళ్ళంతా తెల్ల సూటు తొడుక్కున్న మనిషి అద్దం వెనక నుంచి హిందీలో అడిగాడు, జ్వరం ఎన్నాళ్ళనుంచి, మందులేమైనా వాడారా అని.

బజారులో కూర్చుని ఏడ్చిన ఆ ఆడమనిషి నా కళ్ళముందు మెదిలింది.

"జ్వరం రెండు రోజులే వచ్చి పోయింది సాబ్. మందులేం వేయలేదు. ఆయాసం ఎక్కువుంది, గుండెకు చూడండి" అన్నాను. పొద్దుటి పూట కాబట్టి నుదుటి మిషనులో జ్వరం పడలేదు, రెండో వరసలో నిలబెట్టారు. నేను చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాశారు. ఒకసారి కాగితం మీద ఎక్కాక ఆ మాట నాకంటే గట్టిదైపోయింది.

ముక్కులో పుల్ల పెట్టి చూస్తే కరోనా లేదని వచ్చింది. వార్డులో మంచం ఇచ్చారు. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉండేది, గుజరాతీ పిల్ల. ముఖమంతా మూసుకుని ఉండటంతో నాకు ఆమె కళ్ళే తెలుసు. ఆమె ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. తర్వాత చేతులు తిప్పి చూసింది. గోళ్ళ దగ్గర ఆగిపోయింది.

"ఈ గాట్లు ఏమిటి?"

పోగులు ఇరుక్కుంటే సూదితో తీయబోయానని చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం కాదు, జాలీ కాదు. "ఇవి పోగులు కావు బెన్. రక్తం" అన్నది. చిన్నప్పుడు కీళ్ళవాపు వచ్చిందా అని ఆయన్ను అడిగింది. పదేళ్ళప్పుడు మోకాళ్ళు వాచి రెండు నెలలు మంచాన పడ్డానని ఆయన చెప్పాడు. నాకు ఆ సంగతే తెలియదు. పన్నేమైనా పీకించుకున్నారా అని అడిగింది. ఇంట్లోనే పీక్కున్నాడని మెల్లగా చెప్పాను. ముడి ఎవరు వేశారో ఆమె అడగలేదు.

కేసు కాగితం వెనక బొమ్మ గీసి చెప్పింది. గుండెలో నాలుగు గదులు, మధ్యలో తలుపులు. చిన్నప్పటి కీళ్ళవాపు జబ్బుకు ఒక తలుపు పాడైంది. ఇన్నేళ్లూ అది సరిగ్గా మూసుకోకుండానే పనిచేసింది. పుచ్చిన పంటిలోంచి, చిగుళ్ళలోంచి సూక్ష్మజీవులు రక్తంలోకి పోతే మంచి గుండెలో నిలవవు, పాడైన తలుపు దొరికితే అక్కడ అంటుకుని పెరుగుతాయి. అందులోంచి చిన్న చిన్న తునకలు ఊడి రక్తంలో కొట్టుకుపోతాయి. వేళ్ళ కొసలకు చేరితే ఆ గీతలు, ఆ గడ్డలు. "తల్లోకి పోతే?" అని అడిగాను. ఆమె కాగితం మడిచింది. "అందుకే తొందరగా కనుక్కోవాలి" అన్నది. మూడుచోట్ల నుంచి రక్తం తీసి సీసాల్లో పోశారు. ఆ రక్తంలో ఆ జీవి పెరిగితే జబ్బు తేలుతుందట, ఏ సూది పనిచేస్తుందో కూడా తెలుస్తుందట. సీసాలు పోగానే సూదులు మొదలుపెట్టారు.

"ఇంతకుముందు యాంటీబయాటిక్ ఏదైనా వేసుకున్నారా?" అని అప్పుడే అడిగింది. చేతిలో గేటు దగ్గర రాసిన కాగితం ఉంది.

చెప్పి ఉండాల్సింది. ఒట్టు గుర్తొచ్చింది. అబద్ధమాడి ఈ వరసలోకి వచ్చామని తెలిస్తే మంచం లాక్కుని వెనక బిల్డింగులోకి తోస్తారనిపించింది. "లేదు మేడమ్" అన్నాను. నా నోరు అంత చిన్నగా పలకడం అదే మొదటిసారి.

గుండెకు స్కానింగు చేసినాయన తెల్ల సూటులో ఉక్కపోతకు ఆగలేక రెండు నిమిషాల్లో ముగించాడు. తలుపు దళసరిగా ఉంది, లీకు ఉంది, మీద ఏదైనా పెరిగిందా అన్నది స్పష్టంగా లేదన్నాడు. ఐదో రోజు సీసాల కబురు వచ్చింది. మూడింటిలోనూ ఏమీ పెరగలేదు. పెద్ద డాక్టరు దూరంగా నిలబడి కాగితాలు చూశాడు. రక్తం శుభ్రంగా ఉంది, జ్వరం కూడా దిగింది, ఇది పాత గుండె జబ్బే, సూదులు ఆపి రేపు ఇంటికి పంపండి, మంచాలు కావాలి అన్నాడు. మందులు రాసిస్తారు, నెలకు వచ్చి చూపించుకోవాలి.

"రక్తంల ఏం లేదట" అని నేను ఆయనతో అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మంచం పక్కన నిలబడి ఆయన గోళ్ళను ఇంకోసారి చూసింది. "నాకు నమ్మకం కలగడం లేదు బెన్. ఒక్క మాత్ర అయినా వేసుకుని ఉంటే సీసాలో ఏమీ పెరగకపోవచ్చు. గుర్తు చేసుకుని చెప్పండి. పెద్దాయనతో నేను మాట్లాడతాను." ఆమె అడిగింది నిజం కోసం. నాకు మాత్రం ఇల్లు కనిపించింది. రేపు పొద్దున మా గడప, మా బిడ్డ, మా వంటగది. నిజం చెబితే ఇల్లు చేజారిపోతుంది. పైగా రక్తం శుభ్రంగా ఉందని అంత పెద్ద డాక్టరే అన్నాడు కదా.

"ఒక్కటి గూడా లేదు మేడమ్" అన్నాను.

పొద్దున ఎనిమిదింటికి ఆయన చొక్కా తొడుక్కుంటున్నాడు. నేను సంచి సర్దుతున్నాను. గుండీ పెట్టుకోలేక తడుముకుంటుంటే, "ఏందయ్యా, గుండీ గూడ నేనే పెట్టాల్నా?" అని విసుక్కుంటూ తల ఎత్తాను. ఆయన కుడిచేయి పక్కకు వేలాడుతోంది. నోరు ఒక వైపుకు లాగి ఉంది. ఏదో అనబోయాడు, మాట కాలేదు, చొంగ కారింది. ఆయన కళ్ళలో ఉన్న భయం నన్నే చూస్తున్నది.

నేను అరిచాను. ఏం అరిచానో తర్వాత వాళ్ళూ వీళ్ళూ చెప్పారు. మెట్లమీద, వరండాలో, కనిపించిన ప్రతి తెల్ల సూటు ముందు, తెలుగూ హిందీ గుజరాతీ కలిపి, "గోలీలు ఇచ్చిన సాబ్, నెలన్నర నుంచి ఇచ్చిన, నాలుగు సార్లు ఇచ్చిన, గొట్టం గోలీ, ఎర్రది నల్లది, నేనే ఇచ్చిన, అబద్ధం జెప్పిన" అని అరిచానట. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు. డాక్టరమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి నా భుజాలు పట్టుకుంది. ఆ రోజుల్లో ఎవరూ ఎవరినీ ముట్టుకునేవాళ్ళు కాదు. "పేరు తెలుసా, ఆ మాత్రది?" అన్నది. నా రవికెలో ఆ పొట్లంలో వచ్చిన గొట్టం మాత్రల ఖాళీ అట్ట ఉంది. ఎందుకు దాచుకున్నానో నాకే తెలియదు. తీసి ఇచ్చాను. ఆమె దాన్ని చూసి కళ్ళు మూసుకుంది. తిట్టినా బాగుండేది.

గుండె తలుపు మీది తునక ఒకటి తల్లోకి పోయింది. గొంతులోకి గొట్టం దించి చూస్తే తలుపు మీద పెరిగింది స్పష్టంగా కనిపించింది. మళ్ళీ రక్తం తీశారు, సీసాలను ఎక్కువ రోజులు ఉంచమన్నారు. చివరికి ఒకదానిలో పెరిగింది. మనుషుల నోళ్ళలో ఉండే జీవే అది, మీ నోట్లోనూ నా నోట్లోనూ ఉంటుంది అన్నది డాక్టరమ్మ. పన్ను పీకడం వల్లే వచ్చిందా అని అడిగాను. అంత పుచ్చిన పన్నుతో ఎప్పుడైనా రావచ్చు, ఎలాగని ఖాయంగా చెప్పలేమన్నది. నేను వేసిన ముడి మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

ఆరు వారాలు సూదులు. ఆరు వారాలూ వార్డు బయట వరండాలో నేల మీదే ఉన్నాను. ఎదురుగా రోజూ శవాలను మూటలు కట్టి తీసుకెళ్ళేవాళ్ళు, అవి ఎవరివో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఈ మనిషి పోతే నేను చంపినట్టే అని రోజుకు వందసార్లు అనుకున్నాను. పోతే నేను కూడా పోవాలని, బిడ్డను ఏం చేయాలని, మళ్ళీ మొదటికి వచ్చి పోకూడదని. మొక్కులు మొక్కుకోవడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు. ఎవరి మీద ఒట్టు వేశానో ఆ మనిషే మంచం మీద ఉన్నాడు. ఒట్టు తప్పినందుకు ఇలా అయ్యిందా, నిలబెట్టుకున్నందుకు అయ్యిందా అని కూడా అనుకున్నాను. ఆరో వారంలో ఆయన నోట మొదటిసారి తెలిసేలా మాట వచ్చింది. నన్ను పిలుస్తాడనుకుని దగ్గరికి వంగాను. "ఉప్పు లేదు" అన్నాడు పప్పు గిన్నె చూపిస్తూ. ఆ గిన్నె పట్టుకుని అందరిముందూ ఏడ్చాను.

మూడేళ్ళు గడిచాయి. నోరు ఇప్పటికీ కొంచెం వంకరే, కుడిచేతికి పట్టు లేదు. నాడె కంటికి నోరు పెడితే గాలి పక్కనుంచి పోతుంది, పోగు రాదు. ఇప్పుడాయన కార్ఖానాలో కండెలు చుట్టే మిషను దగ్గర కూర్చుని ఎడమచేత్తో నడుపుతాడు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే గంట ముందు మందు వేసుకుని వెళతాడు. ఇంటికి ఎవరు వచ్చినా ఒకటే కథ చెబుతాడు. "మా ఆమె ఉన్నదున్నట్టు డాక్టరుకు జెప్పింది, గందుకే బతికిన. లేకుంటే ఎప్పుడో పోయేటోన్ని." వాళ్ళు నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. నేను టీ పెట్టడానికి లేస్తాను.

మొన్న పైఅంతస్తులో కొత్తగా దిగినామె వచ్చింది. వాళ్ళాయనకు వారం నుంచి జ్వరమట, గల్లీ డాక్టరు ఇచ్చిన గోలీలు వేస్తున్నారట. ఈయన నన్ను చూపించి, "దవాఖానకు వోయి ఒక్కటి దాసకుండ జెప్పు బిడ్డా. ఈమెను అడుగు, ఎట్ల జెప్పిందో" అన్నాడు. నేను ఆమెను దవాఖానాకు తోలి, వాళ్ళాయన వేసుకుంటున్న గోలీల అట్ట చూపించమని చేతిలో పెట్టి, తలుపు వేసి వచ్చాను. ఆయన చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాడు, ఎడమచేత్తో ఒక్కొక్కటే. ఎదురుగా కూర్చున్నాను.

"నేను జెప్పలేదు" అన్నాను. "డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ లేదన్న. నీ నోరు వంకర వోయినంకనే జెప్పిన. మొదలే జెప్పుంటే నీ చెయ్యి నీకుండేది."

ఆయన కాయ ఒలవడం ఆపలేదు.

"నాకెరికే."

"ఏం ఎరికె?"

"నువ్వు లేదన్నప్పుడు నేను మంచం మీదనే ఉన్నగదనే. చెవులు మంచిగనే ఉండె." ఒక గింజ కింద పడితే వంగి ఏరుకున్నాడు. "నువ్వు నీళ్ళకు వోయినప్పుడు ఆ డాక్టరమ్మ నన్ను గూడ అడిగింది. గోలీలు వేసుకున్నవా అని. నేను గూడ లేదన్న."

నాకు కోపం వచ్చింది. అంత కోపం నాకు మళ్ళీ రాకూడదు. చిక్కుడుకాయల పళ్ళెం తోసేశాను. గింజలు గదంతా పోయాయి. "మూడేండ్ల సంది నేను కాలుకుంట ఉంటే ఎందుకు జెప్పలే? వచ్చినోళ్ళకల్లా నన్ను పొగుడుకుంట ఎందుకు సంపినవ్?" అని అరిచాను.

ఆయన వంకర నోటిని ఎడమచేత్తో తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు.

"నువ్వు జెప్తవేమోనని సూసిన. నువ్వు జెప్తే, నేను గూడ జెప్దామని."